పూసల జాగారం

అక్షరాల పూసలు ప్యాకెట్‌గా కొంటే ఇరవయ్యారు ఇంగ్లిష్ అక్షరాలూ ఇంచుమించు సమానంగా వస్తాయి. పాటల పేర్లకు ఆ సమధర్మం తెలియదు. ‘ఈ’ అక్షరం మూడో రోజుకే నిండుకుంది. ‘ఎ’, ‘ఆర్’, ‘ఎస్’ వారం తిరక్కుండా అయిపోయాయి. ‘జెడ్’, ‘క్యూ’, ‘ఎక్స్’ మాత్రం స్టీలు గిన్నె అడుగున చెల్లని చిల్లరలా మిగిలిపోయాయి. 2024 ఫిబ్రవరి అంతా విశాఖలో మా ఇంటి హాల్లో, అన్నాలయ్యాక దుప్పటి పరుచుకుని మా అమ్మాయీ నేనూ చేసిన పని ఇదే. ఎలాస్టిక్ దారానికి పూసలు గుచ్చడం, ముడి వేయడం, ముడి జారకుండా దాని మీద చుక్క నెయిల్ పాలిష్ పెట్టడం. వంద చేద్దామంది అది. వందేమిటి, నూట ఎనిమిది చేద్దామన్నాను నేను. చేతికి అలవాటైన లెక్క.

ఆ నూట ఎనిమిదీ అమ్మడానికి కాదు. ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతికి తొడిగి రావడానికి.

టేలర్ స్విఫ్ట్ పేరు తెలియని ఇల్లు ఇప్పుడు తక్కువే. ఇంట్లో ఇరవై ఏళ్ల లోపు ఆడపిల్ల ఉంటే అసలు ఉండదు. 1989లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టిన ఈ గాయని 2023 మార్చి 17న అరిజోనాలో ‘ఎరాస్ టూర్’ మొదలుపెట్టింది. తన ఆల్బమ్‌లలో ఒక్కొక్కటీ ఒక యుగమని, ఆ యుగాల పాటలను ఒకే రాత్రి ఒకదాని తర్వాత ఒకటిగా పాడటం ఆ కచేరీ పద్ధతి. 2022లో వచ్చిన ‘మిడ్‌నైట్స్’ ఆల్బమ్‌లో ఒక పాటలో స్నేహానికి గుర్తుగా బ్రేస్‌లెట్లు చేసుకోమన్న మాట ఒకటి వస్తుంది. అభిమానులు ఆ ఒక్క మాట పట్టుకున్నారు. టూర్ మొదలైన నాటి నుంచి కచేరీకి వచ్చే ప్రతివాళ్లూ ఇంట్లో పూసలు గుచ్చుకుని రావడం, మైదానం బయట ఒకరికొకరు మార్చుకోవడం ఆచారమైంది. నిర్వాహకులు పెట్టిన నియమం కాదు, టికెట్ మీద రాసి ఉండదు. మన వాయినాల లాంటిదే. ఇస్తినమ్మ వాయినం అంటే పుచ్చుకుంటినమ్మ వాయినం.

ఆ టూర్ ఇండియాకు రాలేదు. ఆసియా మొత్తానికి రెండే ఊళ్లు దక్కాయి. ఫిబ్రవరిలో టోక్యోలో నాలుగు రాత్రులు, మార్చిలో సింగపూర్‌లో ఆరు రాత్రులు. మా ఆడపడుచు కూతురు సింగపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. 2023 జులైలో అక్కడ టికెట్లు ఆన్‌లైన్‌లోనే కాకుండా పోస్టాఫీసుల్లో కూడా అమ్మారు. ఆ పిల్ల రాత్రంతా ఒక పోస్టాఫీసు ముందు చాప వేసుకుని కూర్చుని నాలుగు టికెట్లు సంపాదించింది. తనకొకటి, స్నేహితురాలికొకటి, మా అమ్మాయికొకటి. నాలుగోది మా ఆయనకు. ఆయన, “ఆ ఖర్చుతో తిరుపతి పదిసార్లు వెళ్లొచ్చు” అని తేల్చేశారు. అలా నాలుగో టికెట్ నాకు దక్కింది.

టికెట్ మీద తేదీ చూసింది మా అత్తగారు. మార్చి 8, శుక్రవారం. మహాశివరాత్రి.

“ఏటమ్మా, శివరాత్రి పూట సముద్రం దాటెల్లి పాటలేటి?” అన్నారావిడ.

నా దగ్గర జవాబు లేదు. లెక్క మాత్రం ఉంది. నేను బ్యాంకులో పని చేస్తాను. ఎనిమిది శివరాత్రి సెలవు, తొమ్మిది రెండో శనివారం, పది ఆదివారం. ఒక్క రోజు కూడా సెలవు పెట్టకుండా మూడు రోజులు కలిసొచ్చే అదృష్టం బ్యాంకు ఉద్యోగికి ఏడాదిలో ఎన్నిసార్లు వస్తుంది? ఉపవాసం ఉంటాను, జాగారం చేస్తాను, రెండూ సింగపూర్‌లో చేస్తానన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, విభూతి పొట్లం ఒకటి నా పెట్టెలో పెట్టారు.

* * *

జాగారం మాట వచ్చింది కాబట్టి ఒక పాత బాకీ గురించి చెప్పాలి.

నా చిన్నప్పుడు శివరాత్రి అంటే ఊళ్లో సినిమా హాళ్లన్నీ తెల్లవార్లూ తెరిచి ఉండేవి. సెకండ్ షో అయ్యాక ఇంకో ఆట, అదయ్యాక మరో ఆట. జగదాంబ సెంటర్ చుట్టుపక్కల హాళ్లలో మా అన్నయ్యలు జాగారం పేరుతో మూడేసి సినిమాలు చూసి, తెల్లారి ఎర్రటి కళ్లతో వచ్చి, కథలు చెప్పేవారు. నేను, అమ్మ, నాయనమ్మ ఇంట్లో దీపం ముందు కూర్చుని పంచాక్షరి చదువుతూ కునికిపాట్లు పడేవాళ్లం. “నేనూ వస్తాను” అని ఒక్కసారి అడిగాను. పదిహేనేళ్లుంటాయి. “అర్ధరాత్రి ఆ జనంలోకి ఆడపిల్లవి నువ్వెందుకు?” అంది అమ్మ. అందులో కోపం లేదు. ఎండలో గొడుగు లేకుండా వెళ్లకు అన్నట్టు అంది. నేను మళ్లీ అడగలేదు.

పగటి ఆటలకు వెళ్లినా హాల్లో మాది వేరే క్యూ. ఆడవాళ్ల క్యూ చిన్నగా ఉండేది కాబట్టి, కటకటాల పక్క నుంచి మగవాళ్లు డబ్బులు చాపి, “అమ్మా, మాకో రెండు టికెట్లు తియ్యవా” అని బతిమాలేవారు. వాళ్లకు టికెట్లు తీసిపెట్టాను గానీ, వాళ్లు లోపల వేసిన ఈలల్లో, చింపి ఎగరేసిన కాగితాల్లో నా పాలు ఏమీ లేదు. అభిమానం సంగతి తెలుగువాళ్లకు ఇంకొకరు నేర్పక్కర్లేదు. కటౌట్లు, పాలాభిషేకాలు, బెనిఫిట్ షోలు మన ఇంటి విద్యే. కాకపోతే ఆ విద్యలో ఆడపిల్లలకు బాల్కనీ సీటు ఒక్కటే ఇచ్చారు.

* * *

విశాఖ నుంచి సింగపూర్‌కు నేరుగా విమానం ఉందన్న సంగతి మన ఊరివాళ్లలోనే చాలామందికి తెలియదు. రాత్రి పొద్దుపోయాక ఎక్కితే నాలుగు గంటల ప్రయాణం. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది కాబట్టి దిగేసరికి తెల్లవారుజామవుతుంది. గురువారం రాత్రి ఎక్కాం. మా వరసలో కూర్చున్న పెద్దాయన కొడుకు దగ్గరకు ఆవకాయ జాడీ తీసుకెళ్తున్నాడు. నా ఒళ్లో ఉన్న జిప్ సంచీ చూసి, “పూసల వ్యాపారమా అమ్మా?” అని అడిగాడు. మా అమ్మాయి పక్కకు తిరిగి నవ్వుకుంది.

ఆ సంచీలో నా సొంత తయారీ పన్నెండు ఉన్నాయి. గిన్నెలో మిగిలిపోయిన జెడ్ పూసలను చూస్తే నాకు ప్రాణం ఒప్పేది కాదు. డబ్బులు పెట్టి కొన్నవి పారేయడం ఎలా? ఒక రాత్రి తట్టింది. జెడ్ ఉన్న మాట మన దగ్గరే ఒకటుంది కదా. వి, ఐ, జెడ్, ఎ, జి. ఐదు పూసలు, అటూ ఇటూ సముద్రం రంగు నీలి పూసలు. వైజాగ్. “అమ్మా, అది పాట పేరు కాదు, ఎవరూ తీసుకోరు” అంది మా అమ్మాయి. తీసుకోకపోతే నేనే పెట్టుకుంటానన్నాను.

మేనకోడలి ఫ్లాట్ పాయా లేబార్ దగ్గర. స్నానాలయ్యాక విభూతి పెట్టుకుని, రెండు అరటిపళ్లు తిని, మధ్యాహ్నం రెండింటికే బయల్దేరాం. కచేరీ సాయంత్రం. “ఇంత ముందెందుకే?” అంటే, “అసలు పండగ బయటే అత్తా” అంది మేనకోడలు. మెట్రోలో సర్కిల్ లైన్ ఎక్కితే డకోటా, మౌంట్‌బాటన్, తర్వాత స్టేడియం. మూడే స్టేషన్లు. పెట్టెలోకి అడుగు పెట్టగానే పండగ మొదలైపోయింది. ఒకమ్మాయి ఒంటి మీద వెండి జలతారు కుచ్చుల గౌను. ఇంకొకామె నల్ల దుస్తుల మీద పాకుతున్న పాము బొమ్మలు. ఒకరి కంటి చుట్టూ మెరుపులతో అద్దిన గుండె ఆకారం. చాలామంది చేతి మీద 13 అంకె రాసుకున్నారు. ఆ గాయని పుట్టిన తేదీ, ఆమె కలిసొచ్చే అంకెగా నమ్మేదీ అదే. ఏ వేషం ఏ ఆల్బమ్‌దో మా అమ్మాయి నా చెవిలో వ్యాఖ్యానం చెబుతోంది. దసరా వేషాలకు పేర్లు చెప్పినంత సులువుగా చెప్పేస్తోంది.

కాలాంగ్‌లోని నేషనల్ స్టేడియం 2014లో కట్టింది. 310 మీటర్ల వెడల్పు గుమ్మటం, మధ్యలో ఒక్క స్తంభం లేదు. పైకప్పు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. 55,000 మంది కూర్చోవచ్చు. మూడున్నరకు ఆ గుమ్మటం నీడలో, ఉక్కపోతలో, వేలమంది నేల మీద బాసింపట్లు వేసుకుని కూర్చుని ఉన్నారు. ప్రతి చేతికీ మణికట్టు నుంచి మోచేతి దాకా పూసలే.

మొదటి మార్పిడి నాకు చేతకాలేదు. ఫిలిప్పీన్స్‌లోని సెబూ నుంచి వచ్చిన నర్సు ఒకామె నా ముందుకొచ్చి చెయ్యి చాపింది. నేను కరచాలనం చేశాను. ఆమె పకపకా నవ్వి, నా చెయ్యి తన చేతి పక్కన పెట్టుకుని, “నీకు నచ్చింది తీసుకో, నాకు నచ్చింది తీసుకుంటాను” అని పద్ధతి నేర్పింది. ఆమె వేళ్లు నా చేతి మీద ఒక్కో మాటా చదువుకుంటూ వచ్చి జెడ్ దగ్గర ఆగాయి.

“వి-జాగ్? ఇది ఏ పాట?”

“పాట కాదు. మా ఊరు” అన్నాను.

ఆమె నమ్మలేదు. ఈ గాయని పాటల్లో, దుస్తుల్లో, గోళ్ల రంగులో ముందు ముందు రాబోయే సంగతుల సూచనలు దాచిపెడుతుందని అభిమానుల గట్టి నమ్మకం. చాలాసార్లు అది నిజమే కూడా. ఫిబ్రవరి 4న గ్రామీ వేదిక మీద కొత్త ఆల్బమ్ కబురు చెప్పిన నాటి నుంచి అందరూ గూఢచారులైపోయారట. నర్సు తన స్నేహితురాళ్లను పిలిచింది. వాళ్లు ఐదు అక్షరాలనూ వెనక నుంచి చదివారు. అంకెలుగా మార్చి కూడారు. ఎంత వచ్చిందో గానీ ఒకమ్మాయి కెవ్వుమంది. నేను ఫోన్ తీసి పటంలో బంగాళాఖాతం ఒడ్డున మా ఊరు చూపించేదాకా వాళ్లు వదల్లేదు. సముద్రం ఒడ్డున ఊరని తెలిశాక, “మాదీ అంతే” అంటూ నర్సు దాన్ని తీసుకుంది. బదులుగా నాకు ఇచ్చింది ఎర్రపూసల మీద తన ఊరి పేరు. పాట పేరు లేనిది ఆమె దగ్గరా ఒకటుంది.

ఆ గంటలో నా పన్నెండు వైజాగ్‌లలో పది చెల్లిపోయాయి. ఎవరూ తీసుకోరన్న పిల్ల నోరు తెరుచుకు చూసింది.

పక్కన ఇండోనేషియాలోని సురబాయా నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. ఇద్దరూ తలకు ఊదారంగు హిజాబ్ చుట్టుకున్నారు. ‘స్పీక్ నౌ’ ఆల్బమ్ రంగు అదేనట. కూతురు, మా అమ్మాయి పాటల గొడవలో పడ్డారు. తల్లి నా వయసుదే. నాలాగే కూతురి కోసం వచ్చింది, నాలాగే పాటలు పరీక్షకు చదివినట్టు చదివి వచ్చింది. సంచీలోంచి అరటికాయ చిప్స్ పొట్లం తీసి పెట్టింది. ఉపవాసమన్నాను. ఆమె కళ్లు పెద్దవి చేసి, “మాకు వచ్చే వారం గదా మొదలు, నువ్వు ముందే మొదలుపెట్టేశావా?” అంది. రంజాన్ నెల అనుకుంది. కాదు, ఈ రాత్రి మా దేవుడికి, నిద్ర కూడా పోకూడదని చెప్పాను. ఆమె తలూపి, పొట్లం నా చేతిలోనే పెట్టి మడత వేసింది. రేపు తినమని.

బ్యాంకాక్ నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు మాత్రం కాస్త గుర్రుగా ఉన్నారు. కారణం ఉంది. ఆగ్నేయాసియాలో ఇంకెక్కడా పాడకుండా ఉండేందుకు సింగపూర్ ఒక్కో కచేరీకి 20 నుంచి 30 లక్షల అమెరికన్ డాలర్లు ఇచ్చిందని థాయిలాండ్ అప్పటి ప్రధాని స్రెట్ఠా ఫిబ్రవరిలో అన్నారు. ఫిలిప్పీన్స్‌లో ఒక చట్టసభ సభ్యుడు మంచి పొరుగువాడు చేసే పనేనా అన్నాడు. మా కచేరీకి మూడు రోజుల ముందు, మార్చి 5న, ప్రోత్సాహకాలు ఇచ్చిన మాట నిజమేనని, అది స్నేహానికి విరుద్ధమని తాము అనుకోవడం లేదని సింగపూర్ అప్పటి ప్రధాని లీ సీన్ లూంగ్ మెల్‌బోర్న్‌లో చెప్పారు. “మా ఊరికి రావాల్సింది, మేమే రావాల్సొచ్చింది” అన్నాడు ఒక కుర్రాడు. ఆ మాట అంటూనే ఒక సింగపూర్ స్కూలు పిల్ల చేతికి బ్రేస్‌లెట్ తొడుగుతున్నాడు. ప్రధానుల తగాదా మెట్రో స్టేషన్ అవతలే ఆగిపోయింది.

లోపలికి వెళ్లేముందు బాత్‌రూమ్‌కు వెళ్లాం. ఆడవాళ్ల క్యూ మలుపు తిరిగి మెట్ల దాకా ఉంది. మగవాళ్ల వైపు ఎవరూ లేరు. ఒకాయన ఒంటరిగా బయటికొచ్చి, మా వందల మందిని చూసి, ఏదో తప్పు చేసినవాడిలా తల దించుకుని వెళ్లిపోయాడు. నలభై తొమ్మిదేళ్లలో ఆడవాళ్ల క్యూ మగవాళ్ల క్యూ కంటే పెద్దగా ఉండటం నేను చూడటం అదే మొదలు.

* * *

మా సీట్లు బాగా పైన. వేదిక మీద మనిషి అగ్గిపుల్లంత. తెరల మీద చూసుకోవాల్సిందే. సబ్రీనా కార్పెంటర్ అనే గాయని ముందు పాడి వెళ్లాక గడియారం వెనక్కి లెక్కపెట్టడం మొదలైంది. సున్నా పడగానే లేచిన అరుపు నేను ఎప్పుడూ వినని శ్రుతిలో ఉంది. క్రికెట్ మైదానం అరుపు బొంగురుగా ఉంటుంది. ఇది సన్నగా, పదునుగా, యాభై వేల గొంతుల పైస్థాయి.

మూడు గంటలకు పైగా పాడింది. ఒక్క విరామం లేదు. యుగం మారినప్పుడల్లా దుస్తులు మారతాయి, రంగు మారుతుంది, ప్రవేశద్వారం దగ్గర మా చేతులకిచ్చిన లైటు పట్టీలు ఆ రంగులోకి వాటంతటవే మారతాయి. నాకు తెలిసిన పాటలు ఏడో ఎనిమిదో. తక్కిన సేపు నేను వేదికను చూడలేదు, మనుషులను చూశాను. ఒక పాట మొదట్లో మైదానం మొత్తం ఒక్క గొంతుతో ఇంగ్లిష్ బూతు ఒకటి అరిచింది. అది అభిమానులు అలవాటు చేసిన కేకట. అరిచినవాళ్లలో మా అమ్మాయి కూడా ఉంది. అరిచాక నావైపు చూసింది. నేను పైకప్పు నిర్మాణం పరిశీలిస్తున్నట్టు నటించాను. ఇంకో పాటలో ఆ గాయని వేదిక చివరికి నడిచొచ్చి తన నల్ల టోపీ తీసి ఒక చిన్నపిల్ల తల మీద పెట్టింది. ప్రతి కచేరీలోనూ ఒక్కరికి దక్కే ప్రసాదం అది. దక్కని యాభై వేల మందీ తమకే దక్కినట్టు ఏడ్చారు.

పది నిమిషాల పాట ఒకటి ఉంది, ‘ఆల్ టూ వెల్’. 2021లో బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో మొదటి స్థానానికి చేరింది. ఆ స్థానానికి చేరిన పాటలన్నిటిలో నిడివైనది అదే. విడిపోయిన ప్రేమ గురించిన పాట. మా ముందు వరసలో ఒకమ్మాయి మొదటి చరణం నుంచీ కంటతడి పెట్టుకుంది. ఆమె పక్కన ఉన్నది స్నేహితురాలు కాదు, ఆ రోజే పరిచయమైన మనిషి. ఆమె మెడ చుట్టూ చెయ్యి వేసి పాట అయ్యేదాకా అలాగే నిలబడింది. పాట అయ్యాక ఇద్దరూ చేతులు చాపుకుని పూసలు మార్చుకున్నారు.

ఈ గాయనితో నాకు లంకె కుదిరింది మాత్రం పాట దగ్గర కాదు, పద్దు దగ్గర. మొదటి ఆరు ఆల్బమ్‌ల మాస్టర్ రికార్డింగుల హక్కులు అప్పట్లో ఆమె చేతిలో లేవు. 2019లో అవి ఆమె ప్రమేయం లేకుండా చేతులు మారాయి. పొలం దున్నింది తాను, పట్టా ఇంకొకరిది. ఆమె కోర్టు మెట్లు పట్టుకుని వేలాడలేదు. రాసిన పాట తనదే కాబట్టి, అవే పాటలను 2021 నుంచి మళ్లీ పాడి రికార్డు చేసి, ‘టేలర్స్ వెర్షన్’ అని పేరు పెట్టి అమ్మింది. అభిమానులు పాతవి పక్కన పెట్టి కొత్తవి కొన్నారు. మేం వెళ్లేనాటికి నాలుగు ఆల్బమ్‌లు అలా తిరగరాసింది. 2025 మే నెలలో పాత మాస్టర్లనూ కొనేసింది. బ్యాంకులో ఇన్నేళ్లుగా తాకట్టు విడిపించుకోలేక కౌంటర్ ముందు నిలబడిన ఆడవాళ్లను చూశాను. పోయిన ఆస్తికి జోడు పుట్టించి దాని ధర దించిన మనిషిని చూడటం ఇదే మొదలు. ఆ ముక్క చాలు, మిగిలిన పాటలు అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టాను.

* * *

పదిన్నర దాటాక బయటపడ్డాం. టికెట్ దొరకనివాళ్లు వందల మంది బయట గట్ల మీద కూర్చుని ఉన్నారు. గోడ దాటి వచ్చినంత మేరకే విని, దానితోనే పాడి, ఇప్పుడు మేం వస్తుంటే మాకు చప్పట్లు కొడుతున్నారు. మెట్రో వైపు జనం అంగుళం అంగుళం కదులుతోంది. చుట్టూ ఆడవాళ్లే. తల్లులు, కూతుళ్లు, అక్కచెల్లెళ్లు, చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్న పిల్లలు. ఎక్కడో ఒక వరస పాట అందుకుంటే వెనక వరస పూర్తి చేస్తోంది.

స్టేషన్ మెట్లు దిగుతుండగా నాకు ఒక సంగతి గమనానికొచ్చింది. సంచీ ఛాతీకి అడ్డంగా పట్టుకోలేదు. మోచేతులు బయటికి పెట్టుకుని నడవలేదు. చున్నీ ఎటు జారిందో చూసుకోలేదు. కూతురి భుజం గట్టిగా పట్టుకోలేదు, అసలు అది పది అడుగులు ముందు ఎవరితోనో మాట్లాడుతూ పోతోంది. జనంలోకి వెళ్లినప్పుడల్లా ఒళ్లు దానంతటది చేసుకునే ఏర్పాట్లివి. ఏ రోజు నేర్చుకున్నానో తెలియదు, ఆ రాత్రి ఏ క్షణంలో మరిచిపోయానో కూడా తెలియదు. “అర్ధరాత్రి ఆ జనంలోకి నువ్వెందుకు” అన్న అమ్మ మాట తప్పు కాదు. ఆవిడకు తెలిసిన జనం వేరు.

పాయా లేబార్‌లో దిగాక మేనకోడలు అడిగింది. “అత్తా, ఇక్కడికి నడిచే దూరంలో శివాలయం ఉంది. తెల్లవార్లూ పూజలే. వెళ్దామా, అలిసిపోయావా?”

గేలాంగ్ ఈస్ట్‌లోని శివన్ కోవెల అది. ఒకప్పుడు ఆర్చర్డ్ రోడ్డులో ఉండేదట. 1980లలో మెట్రో కోసం ఆ స్థలం ఇచ్చేయాల్సి వచ్చింది, 1993లో ఇక్కడ కొత్త గుడికి కుంభాభిషేకం జరిగింది. ఏ మెట్రో కోసం దేవుడు ఇల్లు మారాడో ఆ మెట్రోలోనే మేం ఆయన దగ్గరికి వచ్చాం. లోపల ఇసుక వేస్తే రాలనంత జనం, పాల బిందెలు, తమిళ తిరుమురై పాటలు, నాదస్వరం. జలతారు గౌనులో ఉన్న మా అమ్మాయిని ఎవరూ వింతగా చూడలేదు. మేనకోడలు తన శాలువా ఒకటి కప్పింది, అంతే. లింగోద్భవ వేళకు మా అత్తగారిచ్చిన విభూతి నుదుట పెట్టుకుని ఒక స్తంభానికి చేరబడ్డాను.

పక్కన కూర్చున్న తమిళ ముసలావిడ చాలాసేపటి నుంచి నా చెయ్యి చూస్తోంది. మోచేతి దాకా రంగు రంగుల పూసలు. చివరికి ఉండబట్టలేక అడిగింది. “ఏ గుడి కాప్పు ఇది?”

కాప్పు అంటే కంకణం. మొక్కుకుని చేతికి కట్టుకునే తోరం. ఏ గుడిదని చెప్పను? సెబూ, సురబాయా, బ్యాంకాక్, జకార్తా, పెనాంగ్... నా చేతికి ఉన్నవి ఊళ్లు. ఎవరెవరో చేసి ఇచ్చారని సైగలతో చెప్పి, మిగిలిన రెండు వైజాగ్‌లలో ఒకటి తీసి ఆవిడ చేతికి తొడిగాను. ఆవిడ అక్షరాలు చదవలేదు. కళ్లకద్దుకుని, కొంగు ముడి విప్పి రెండు అరటిపళ్లు నా చేతిలో పెట్టింది. ఇచ్చిపుచ్చుకోవడానికి ఆవిడకు పద్ధతి నేర్పక్కర్లేకపోయింది. తెల్లవారి స్నానం చేసి ఆ పళ్లతోనూ, సురబాయా తల్లి ఇచ్చిన చిప్స్‌తోనూ ఉపవాసం విరిచాను.

* * *

ఆ ఆరు రాత్రుల్లో సింగపూర్ స్టేడియంలోకి మూడున్నర లక్షల మందికి పైగా వచ్చారు. 2024 డిసెంబర్ 8న వాంకూవర్‌లో టూర్ ముగిసేసరికి కచేరీల లెక్క 149.

నాకు ఎక్కువగా గుర్తుండేది మాత్రం జరగని కచేరీలు. 2024 ఆగస్టులో వియన్నాలో మూడు రాత్రులు ఉండాల్సింది. దాడి పథకం ఒకటి బయటపడటంతో మూడూ రద్దు చేశారు. ప్రపంచం నలుమూలల నుంచి అప్పటికే ఊళ్లో దిగిన పిల్లలకు ఏం చెయ్యాలో తెలియలేదు. టేలర్ పాట ఒకదాని పేరులో కార్నీలియా అనే వీధి ఉంది. వియన్నాలో కొర్నేలియుస్‌గాసే అనే వీధి ఉంది. పేరు దగ్గరగా ఉందని అందరూ ఆ వీధికి చేరారు. వేదిక లేదు, గాయని లేదు. వాళ్లే పాడుకున్నారు, తెచ్చుకున్న పూసలు ఒకరికొకరు తొడుక్కున్నారు, మిగిలినవి అక్కడి చెట్టుకు కట్టారు. ఆ దృశ్యం మా అమ్మాయి ఫోన్‌లో చూపించినప్పుడు “అసలు పండగ బయటే” అన్న మేనకోడలి మాట నాకు పూర్తిగా అర్థమైంది. టికెట్ డబ్బులు వెనక్కి ఇవ్వగలరు. రాత్రుళ్లు కూర్చుని గుచ్చినదాన్ని మాత్రం ఎవరో ఒకరి చేతికి చేర్చి తీరాలి.

మీ ఇంట్లో ఆడపిల్ల ఒక పాట కోసం దూరదేశం వెళ్తానంటే వద్దనకముందు ఒక్కసారి ఆగండి. వీలైతే వెంట వెళ్లండి. పాటలు తెలియకపోయినా ఫర్వాలేదు. పూసలు మాత్రం నెల ముందే కొనుక్కోండి, ‘ఈ’ అక్షరం రెండు ప్యాకెట్లు అదనంగా తీసుకోండి. మిగిలిన అక్షరాలు పారేయకండి. వాటితో మీ ఊరి పేరు వస్తుందేమో చూడండి. నా పన్నెండింటిలో చివరిది ఇప్పటికీ మా దేవుడి గూట్లో ఉంది, విభూతి పొట్లం పక్కన. పెట్టింది మా అత్తగారే.